తాళాలన్నీ ఫణీంద్ర చేతిలో

కొత్తగా లేపిన మెషీన్లలోకి ఎవరో దూరుతున్నారని మొదట కనిపెట్టినవాడు ఫణీంద్ర. ఆ దూరేది ఎవరో కూడా తనకి తెలుసుననే అనుకున్నాడు.

కాకినాడలో మత్స్యకారుల సంఘం ఒకటి 'అలజాడ' అనే ఫోన్ సేవ నడిపేది. వేటకి వెళ్ళేవాడు ఒక నంబరుకి ఫోన్ చేసి తన ఊరి పేరు చెబితే చాలు. అక్కడ సముద్రం ఎలా ఉందో, గాలి ఎటు తిరుగుతోందో, పడవ దించవచ్చో లేదో ఒక గొంతు చెప్పేది. ఉప్పాడ నుంచి అంతర్వేది దాకా చాలా ఇళ్ళలో పొద్దున్నే మొహం కడుక్కోకముందే చేసే పని ఆ ఫోన్.

ఆ గొంతు వెనక ఉన్న కంప్యూటర్లు కాకినాడలో ఉండేవి కావు. ఎక్కడో ముంబైలో, ఒక పెద్ద భవనంలో, వేల కంప్యూటర్ల మధ్య సంఘం అద్దెకి తీసుకున్న వాటాలు అవి. వర్చువల్ మెషీన్లంటారు. చేత్తో ముట్టుకునేందుకు ఏమీ ఉండదు. ఇక్కడ స్క్రీన్ మీద కావాలని అడిగితే టీ చల్లారేలోపు అక్కడ కొత్తది లేస్తుంది. వద్దంటే మాయమవుతుంది. మామూలు రోజుల్లో నాలుగు మెషీన్లు సరిపోయేవి. అల్పపీడనం అన్న మాట చెవినపడితే మాత్రం ఊళ్ళకి ఊళ్ళు ఒక్కసారే ఫోన్లు చేసేవి. అప్పుడు గబగబా ఇంకొన్ని లేపాలి.

ప్రతి కొత్త మెషీన్ని మొదటినుంచీ తయారుచేస్తూ కూర్చుంటే సముద్రం ఆగదు. అందుకని అన్నీ అమర్చిన నమూనా ఒకటి సిద్ధంగా పెట్టుకుంటారు. కొత్తవన్నీ దానికి నకళ్ళు. మిగతావాళ్ళు దాన్ని టెంప్లేట్ అనేవారు. ఎస్తేరు రాణి గారు మాత్రం అచ్చు అనేవారు.

ఎస్తేరు రాణి గారు ఆ జట్టుకి పెద్ద. వయసులో ఉండగా టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పనిచేసి, అక్కడినుంచి ఇటు వచ్చిన మనిషి. ఎవరైనా సందేహం అడిగితే జవాబు చెప్పకుండా చేతికి ఏదో ఒక పని ఇచ్చేవారు. ఆ పని పూర్తయ్యేసరికి అడిగినవాడికి తను అడిగిన ప్రశ్నే సిగ్గనిపించేది. వేళాకోళానికి ఎవరో గురువుగారన్నారు. కొన్నాళ్ళకి ఆ మాటకి ఎవరికీ నవ్వు రావడం మానేసింది.

ఫణీంద్ర ఆవిడ దగ్గరే పని నేర్చుకున్నాడు. రామచంద్రపురం కుర్రాడు, చురుకైనవాడు. ఆ అచ్చు తయారుచేసింది అతనే. దాన్నుంచి మెషీన్ ఎంత తొందరగా లేస్తుందో కొత్తగా వచ్చిన ప్రతివాడికీ చూపించేవాడు.

ఎండాకాలం చివర్లో బాబ్జీ అనే ఆయన చేరారు. నలభై దాటిన మనిషి. అంతకుముందు హైదరాబాదులో ఎక్కడో చేసేవారు. అక్కడ ఎందుకు మానేశారని ఫణీంద్ర రెండుసార్లు అడిగాడు. రెండుసార్లూ ఆయన "వచ్చేయాలనిపించిందండి" అన్నారు, అంతే. ఆయన్ని తీసుకొచ్చింది ఎస్తేరు గారు. కొత్త మెషీన్లు లేపే పని ఆయనకి అప్పగించిందీ ఆవిడే.

ఆ తరవాత వచ్చిన మొదటి ముసురులోనే తేడా కనబడింది. కొత్తగా లేపినవి మూలుగుతూ నడుస్తున్నాయి. ఫోన్లు మధ్యలో తెగిపోతున్నాయి. ఫణీంద్ర ఒకదాని లోపలికి వెళ్ళి చూశాడు. తాము పెట్టని ప్రోగ్రామ్ ఒకటి అమాయకమైన పేరుతో కూర్చుని మెషీన్ బలమంతా తాగేస్తోంది. ఎక్కడో ఎవరికోసమో డిజిటల్ నాణేలు తయారుచేసే లెక్కలు చేస్తోంది. దాన్ని తీసిపారేశాడు. పక్కదానిలో చూశాడు. అక్కడా అదే.

పాత నాలుగింటిలోనూ వెతికాడు. అవి కడిగిన ముత్యాల్లా ఉన్నాయి.

ఆ నాలుగూ ఎప్పుడో తను లేపినవి. చెడినవన్నీ బాబ్జీ లేపినవి.

ఆ రోజునుంచి ఫణీంద్ర కుర్చీ కొంచెం పక్కకి జరిగింది. కిటికీ అద్దంలో బాబ్జీ స్క్రీన్ మసకగా కనిపించే చోటికి. ఆయన ఏం చేస్తున్నా ఇతనికి అర్థం వేరేగా తోచేది. మెల్లిగా టైపు చేస్తే ఆలోచించి చేస్తున్నాడనుకున్నాడు. త్వరగా చేస్తే అలవాటైన చెయ్యి అనుకున్నాడు. భోజనానికి పిలిస్తే నవ్వుతూ రానంటే, తను లేనప్పుడు చేసే పనేదో ఉందనుకున్నాడు. వస్తే, తనేం కనిపెట్టాడో లాగడానికి వస్తున్నాడనుకున్నాడు.

ఒకటి మాత్రం ఎవరికైనా అనుమానమే. కొత్త మెషీన్ లేచిందంటే చాలు, బాబ్జీ ఫోన్ పట్టుకుని బయటికి నడిచేవారు.

ఒకరోజు ఫణీంద్ర చెప్పులు విప్పేసి వెనకాలే వెళ్ళాడు. బాబ్జీ మెట్ల మలుపులో గోడవైపు తిరిగి మాట్లాడుతున్నారు.

"ఇప్పుడే లేచింది. ఒకసారి చెయ్యి. ఆఁ... కాసేపట్లో ఇంకోటి లేస్తుంది. నేను చెప్తాను, ఉండు."

ఫణీంద్ర చప్పుడు కాకుండా వచ్చి కూర్చున్నాడు. బాబ్జీ లోపలికి వచ్చి, అతని మొహం చూసి, "ఒంట్లో బాలేదా అండీ?" అని అడిగారు. ఆ మాట కూడా అతనికి ఎత్తుగానే వినిపించింది.

సాయంత్రం అతను బాబ్జీ లాగిన్‌కి ఉన్న అనుమతులన్నీ తీసేశాడు. మర్నాడు బాబ్జీ వచ్చి కూర్చుని, రెండుమూడుసార్లు ప్రయత్నించి లేచి వచ్చారు.

"నా లాగిన్ పనిచెయ్యట్లేదండి."

"చూస్తానండి" అన్నాడు ఫణీంద్ర, స్క్రీన్ మీంచి తల తిప్పకుండా.

గదిలో ఉన్న జట్టులోని మిగతా ఇద్దరూ విన్నారు. బాబ్జీ వెళ్ళి తన కుర్చీలో కూర్చున్నారు. పొద్దస్తమానం అలాగే కూర్చున్నారు. చేసేందుకు పనేమీ లేని మనిషి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక బల్ల మీద పెట్టుకున్నట్టు పెట్టుకుని కూర్చున్నారు.

ఫణీంద్ర ఎస్తేరు గారి దగ్గరికి వెళ్ళి తలుపు దగ్గరగా వేశాడు.

"గురువుగారూ, దొంగ మన గదిలోనే ఉన్నాడు."

తనకి తెలిసిందంతా చెప్పాడు. ఆవిడ ఎక్కడా అడ్డు రాలేదు. అంతా విని ఒకటే అడిగారు.

"మెషీన్లు ఎవరు లేపారో చూశావు. వాటిలోకి ఎవరొచ్చారో చూశావా?"

"రాకపోకల గుర్తులన్నీ తుడిచేశారండి. లోపలి మనిషి కాకపోతే అంత శ్రద్ధగా ఎందుకు తుడుస్తాడు?"

"ఊఁ" అన్నారావిడ.

"మరి ఆ ఫోన్ సంగతి?" అన్నాడు ఫణీంద్ర.

"ఎవరితో మాట్లాడుతున్నారని అడిగావా?"

"దొంగని అడిగితే చెప్తాడా అండీ?"

ఆవిడ తన పని తను చేసుకోసాగారు. ఫణీంద్ర కాసేపు చూసి బయటికి వచ్చేశాడు. తలుపు వేస్తుంటే ఒక ఆలోచన పాములా కదిలింది. బాబ్జీని తెచ్చింది ఈవిడ. ఇద్దరిదీ ఒకే చర్చి. మొన్న తను గదిలోకి రాగానే ఇద్దరూ మాట్లాడుకునేది ఆపేశారు. ఆపేశారా? ఆపినట్టే గుర్తు.

రెండు రోజులకి ఆ 'గుర్తు' ఖాయమైపోయింది.

అతను సంఘం ప్రెసిడెంటు నూకరాజు గారికి ఫోన్ చేశాడు. నూకరాజు గారు ఇరవై ఏళ్ళు పడవ నడిపి, ఆ తరవాత సంఘం నడుపుతున్న మనిషి. మెషీన్ల సంగతి ఆయనకి పట్టదు. దొంగ అన్న మాట పట్టింది.

"శుక్రవారం మధ్యాహ్నం నేనొస్తాను. పేరు నా ముందు చెప్పు. పోలీసుల్ని నేను చూసుకుంటాను" అన్నారాయన.

శుక్రవారం తెల్లారేసరికి సముద్రం రంగు మారింది. అల్పపీడనం అనుకున్నది ఒక్క రాత్రిలో బలం పుంజుకుంది. పొద్దెక్కేసరికి ఫోన్లు మొదలయ్యాయి. నాలుగు మెషీన్లూ నిండిపోయాయి. లైను దొరకనివాళ్ళు మళ్ళీ మళ్ళీ చేస్తున్నారు. దాంతో ఇంకా నిండిపోతోంది.

"కొత్తవి లేపాలండి" అన్నారు బాబ్జీ తన కుర్చీలోంచే.

"ఇంట్లో దొంగని పెట్టుకుని కొత్త గదులు కట్టమంటారా?" అన్నాడు ఫణీంద్ర. మొదటిసారి ఆయన మొహంలోకి చూసి అన్నాడు.

బాబ్జీ మెల్లిగా లేచి నిలబడ్డారు. కోపం వస్తుందని ఫణీంద్ర ఎదురుచూశాడు. ఆయన కళ్ళు స్క్రీన్ మీద ఎర్రగా పెరుగుతున్న అంకె మీదే ఉన్నాయి.

"నన్ను తరవాత చూడండి. ముందు లైన్లు చూడండి. లైను దొరక్కపోతే దించేస్తారండి పడవల్ని. ఎవరూ వద్దనలేదంటే వెళ్ళొచ్చనే అర్థం వాళ్ళకి."

"మీకు అంత తొందరెందుకో నాకు తెలుసు."

అప్పుడు ఎస్తేరు గారు తన గదిలోంచి వచ్చారు. గొంతు పెంచలేదు.

"బాబ్జీ, మీ లాప్‌టాప్ ఈ బల్ల మీద పెట్టండి. ఫోన్ కూడా."

బాబ్జీ పెట్టారు. ఆవిడ తన లాప్‌టాప్, తన ఫోన్ తెచ్చి వాటి పక్కన పెట్టారు.

"ఫణీంద్రా, ఇప్పుడు నా అనుమతులు కూడా తీసెయ్."

"గురువుగారూ..."

"తీసెయ్. తియ్యాలని నీ మనసులో ఉన్నదే కదా."

అతను తల ఎత్తలేకపోయాడు. ఆవిడ మాటలో నిష్ఠూరం ఉందేమోనని వెతికాడు. లేదు. ఆవిడ పేరు ఎదురుగా ఉన్న గుర్తులన్నీ ఒక్కొక్కటే తీసేశాడు. మిగతా ఇద్దరి చేతా లాప్‌టాప్‌లు, ఫోన్లు అక్కడే పెట్టించి, వాళ్ళ అనుమతులూ తీసేయమన్నారు. తీసేశాడు. ఇప్పుడు ఆ మొత్తానికీ తాళాలు అతని చేతిలోనే ఉన్నాయి.

"ఒక కొత్త మెషీన్ నీ చేత్తో లేపు. ఎవరికీ చెప్పకు. నాకూ చెప్పకు, ఏ పేరు పెడతావో. దాంతో ఏ పనీ చేయించకు. ఊరికే దాని గుమ్మం దగ్గర కూర్చుని చూడు."

"ఏం చూడాలండీ?"

"ఎవరొస్తారో."

ఆవిడ బాబ్జీ వైపు తిరిగి, "రండి, టీ తాగొద్దాం" అన్నారు. మిగతా ఇద్దర్నీ కూడా రమ్మన్నారు. నలుగురూ వట్టి చేతులతో మెట్లు దిగి వెళ్ళిపోయారు.

ఫణీంద్ర గదిలో ఒక్కడే మిగిలాడు. బల్ల మీద నాలుగు ఫోన్లు వరసగా ఉన్నాయి. అతను మెషీన్ లేపాడు. దానికి చనిపోయిన తన మేనత్త పేరు పెట్టాడు. ఆ పేరు ఈ ఆఫీసులో ఎవరికీ తెలిసే వీల్లేదు. ఫోన్లు అందుకోవాలి కాబట్టి ప్రతి మెషీనుకీ బయటినుంచి చేరేందుకు ఒక చిరునామా ఉంటుంది. దీనికీ అలాంటి చిరునామా ఒకటి వచ్చింది. ఆ చిరునామా ప్రపంచంలో ఎవరికీ తెలియదు, తనకి తప్ప.

వచ్చిపోయేవాళ్ళ జాడలు రాసే చోటు తెరిచి కూర్చున్నాడు. ఖాళీగా ఉంది. కింద సముద్రపు గాలి ఏదో రేకుని ఆపకుండా కొడుతోంది.

చూస్తుండగా ఒక వరస పడింది.

ఎవరో 'అడ్మిన్' అన్న పేరుతో లోపలికి రాబోయారు. పాస్‌వర్డ్ తప్పు. తలుపు తెరుచుకోలేదు.

అతను ఉలిక్కిపడి గది తలుపు వైపు చూశాడు. ఎవరూ లేరు. కిటికీ దగ్గరికి పరిగెత్తి కిందకి చూశాడు. టీ బండి మీద కప్పిన బరకం కింద నలుగురూ నిలబడి ఉన్నారు. బాబ్జీ రెండు చేతులతో గ్లాసు పట్టుకుని ఆకాశంకేసి చూస్తున్నారు.

తిరిగి వచ్చేసరికి ఇంకో వరస. తరవాత ఇంకోటి. ఈసారి వేరే చిరునామా నుంచి, ఏ దేశమో. 'రూట్' అన్న పేరుతో. మళ్ళీ 'అడ్మిన్'. మళ్ళీ 'యూజర్'. ఒకడు పోతే ఇంకొకడు. ఎవరికీ తొందర లేదు, కోపం లేదు. ఈ ఇంట్లో ఎవరున్నారో వాళ్ళకి తెలియదు, అక్కర్లేదు. వీధిలో ప్రతి గడియా లాగి చూసుకుంటూ పోయేవాళ్ళలా వస్తున్నారు, పోతున్నారు.

'వీళ్ళకెవరు చెప్పారు?' అనుకున్నాడు ఫణీంద్ర. ఆ ప్రశ్న మనసులో పూర్తవకముందే దానికి అర్థం లేకుండా పోయింది.

అప్పుడు ఇంకొకడు వచ్చాడు. పేరు 'టెస్ట్'. పాస్‌వర్డ్ ఒకసారి తప్పింది. రెండోసారి తప్పలేదు.

తలుపు తెరుచుకుంది.

ఫణీంద్ర కళ్ళెదుటే లోపల ఆ ప్రోగ్రామ్ దిగింది. అదే అమాయకమైన పేరు. మెషీన్ బలం తాగడం మొదలుపెట్టింది. వచ్చినవాడు పోతూ పోతూ తన అడుగుల గుర్తులు కింది వరసనుంచి పైకి తుడుచుకుంటూ పోయాడు. స్క్రీన్ మళ్ళీ ఏమీ జరగనట్టే ఖాళీగా కనిపించింది.

'టెస్ట్.'

అతనికి ఒక మధ్యాహ్నం గుర్తొచ్చింది. ఇంటికి వెళ్ళే బస్సు తప్పిపోతుందన్న హడావిడిలో, అచ్చుని సవరిస్తూ, ప్రతిసారీ పెద్ద పాస్‌వర్డ్ కొట్టడం విసుగనిపించి, పరీక్షకని ఒక చిన్న ఖాతా పెట్టుకున్నాడు. పని అవగానే తీసేద్దామనుకున్నాడు. పేరు టెస్ట్. పాస్‌వర్డ్ చిన్నపిల్లవాడైనా ఊహించేది. పాత నాలుగు మెషీన్లూ అంతకుముందు లేచినవి. ఆ తరవాత ఎవరు లేపినా, ఎప్పుడు లేపినా, ప్రతి మెషీనూ గడియ లేని తలుపుతోనే పుట్టింది.

అచ్చు తెరిచి చూశాడు. ఉంది. అతను పెట్టిన చోటే ఉంది.

తరవాత ఇంకో ఆలోచన వచ్చింది. అది రావడం అతనికి స్పష్టంగా తెలిసింది. తాళాలన్నీ తన దగ్గరే ఉన్నాయి. ఈ ఖాతా ఇప్పుడు చెరిపేస్తే, మేనత్త పేరున్న ఈ మెషీన్ని మాయం చేస్తే, చూసినవాళ్ళెవరూ లేరు. కొత్తవి శుభ్రంగా లేస్తాయి. బాబ్జీ అనుమతులు తీసేశాకే అంతా బాగుపడిందని నూకరాజు గారితో చెప్పవచ్చు. అదేమీ అబద్ధం కూడా కాదు.

బల్ల మీద ఒక ఫోన్ మోగింది. బాబ్జీది. 'తమ్ముడు' అని పేరు వెలిగింది. మోగి మోగి ఆగిపోయింది. వెంటనే మళ్ళీ మోగింది.

ఫణీంద్ర తీశాడు.

"అన్నా, లైను దొరకట్లేదు. కొత్తది లేచిందా?" గాలి హోరులోంచి ఎవరో అరుస్తున్నారు. "ఇక్కడ రేవులో జనం ఆగట్లేదన్నా. ఎవరూ ఏమీ చెప్పట్లేదని నాలుగు పడవలు అప్పుడే దించేశారు. కొత్తది లేస్తే చెప్పు, చేసి చూస్తాను, వినబడుతుందో లేదో. అన్నా?"

"చెప్తానండి" అన్నాడు ఫణీంద్ర. "ఒక్క నిమిషంలో చెప్తాను."

అచ్చులోంచి ఆ ఖాతా తీసేశాడు. మెషీన్లలోకి పాస్‌వర్డ్‌తో వచ్చే దారి పూర్తిగా మూసేశాడు. కొత్త అచ్చునుంచి మెషీన్లు లేపడం మొదలుపెట్టాడు. ఒకటి లేచింది. అదే నంబరుకి ఫోన్ చేసి, "ఇప్పుడే లేచింది, ఒకసారి చెయ్యండి" అన్నాడు. ఆ మాటలు తన నోట్లోంచి రావడం విని ఆగిపోయాడు. అవతల మనిషి చేసి చూసి, "వినబడుతోంది, గట్టిగానే వినబడుతోంది" అన్నాడు. ఇంకోటి లేచింది. ఇంకోటి.

మేనత్త పేరున్న మెషీన్ని మాత్రం చెరపలేదు. అలాగే ఉంచాడు.

అతను లేపుతూ ఉండగానే నూకరాజు గారు వచ్చారు. మెట్ల మీదే ఎస్తేరు గారు, బాబ్జీ, మిగతావాళ్ళు కలిసినట్టున్నారు, అందరూ ఒకేసారి లోపలికి వచ్చారు. నూకరాజు గారి చొక్కా సగం తడిసి ఉంది.

"దొంగ అన్నావు. ఎవడయ్యా?" అన్నారాయన నిలబడే.

ఫణీంద్ర ఎస్తేరు గారి వైపు చూశాడు. ఆవిడ నూకరాజు గారికి ఇవ్వడానికి సీసాలోంచి మంచినీళ్ళు గ్లాసులో పోస్తున్నారు. అతనివైపు చూడలేదు.

"దొంగ ఎవడో నాకు తెలీదండి. ఏ దేశంలో ఉంటాడో కూడా తెలీదు. తలుపు తెరిచిపెట్టింది మాత్రం నేను."

"నువ్వా? ఫోన్ చేసిందే నువ్వు గదా?"

"ఆయ్. నేనేనండి."

స్క్రీన్ ఆయన వైపు తిప్పి, ఆ ఒక్క మెషీనూ చూపించి, జరిగింది జరిగినట్టు చెప్పాడు. టెస్ట్ అన్న ఖాతా గురించి చెప్పాడు. పొద్దున్న లేపకుండా ఆపింది తనేనని, నాలుగు పడవలు వెళ్ళాయని కూడా చెప్పాడు.

నూకరాజు గారు నీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టారు.

"ఏ రేవు నుంచి?" అన్నారు. విని, ఫోన్ తీసి కోస్ట్ గార్డు వాళ్ళకి చెయ్యడానికి బయటికి వెళ్ళిపోయారు.

ఫణీంద్ర బాబ్జీ ఎదురుగా వెళ్ళి నిలబడ్డాడు.

"మీ తమ్ముడు చేశాడండి. నేను తీశాను."

"రేవులో ఐస్ ఫ్యాక్టరీలో చేస్తాడండి" అన్నారు బాబ్జీ. "కొత్తది లేచినప్పుడల్లా వాడి చేత ఒకసారి చేయిస్తాను. ఆ గాలి హోరులో మాట వినబడుతుందో లేదో ఇక్కడ కూర్చుంటే మనకి తెలీదు కదా. గదిలో సిగ్నల్ సరిగా ఉండదని మెట్ల దగ్గరికి వెళ్తుంటాను."

"మీరు ఎప్పుడూ చెప్పలేదు."

"మీరు అడగలేదండి."

అందులో ఎత్తిపొడుపు లేదు. అది ఉండి ఉంటే ఫణీంద్రకి కొంచెం తేలికయ్యేది.

ఆ సాయంత్రానికి రెండు పడవలు తిరిగొచ్చాయి. మూడోదాన్ని పెద్ద బోటు ఒకటి తాడేసి లాక్కొచ్చింది. నాలుగోదాని కబురు మర్నాడు గాని తెలియలేదు. కోరంగి మడ అడవిలో ఒక పాయలోకి దూరి, చెట్టుకి పడవ కట్టేసుకుని కూర్చున్నారట. వలలు పోయాయి. ఒకతనికి చెయ్యి విరిగింది. మనుషులు దక్కారు.

ఆ కబురు వచ్చేదాకా ఫణీంద్ర ఇంటికి వెళ్ళలేదు. ఎవరూ వెళ్ళమని చెప్పలేదు కూడా. విన్నాక మొహం కడుక్కుని వచ్చి, తీసేసిన అనుమతులు తిరిగి ఇవ్వడానికి కూర్చున్నాడు. ఎస్తేరు గారి పేరు మీద చెయ్యి పెట్టగానే ఆవిడ వెనకనుంచి, "ముందు బాబ్జీవి" అన్నారు.

బాబ్జీవి ఇచ్చాడు. అవతల కుర్చీలో బాబ్జీ లాగిన్ అయి, చెయ్యి ఎత్తి, వచ్చిందన్నట్టు సైగ చేశారు. ఆ తరవాత ఏమీ జరగనట్టు పనిలో పడ్డారు. ఫణీంద్రకి ఆ వీపు వైపు చూడటం కష్టమనిపించింది.

"గురువుగారూ, నా మీద మీకు ముందే అనుమానం వచ్చింది కదా?"

"లేదు. మొదట నా మీద వచ్చింది" అన్నారావిడ. "నా పేరుతో ఉన్న తాళాలన్నీ ఒక్కొక్కటే తీసి చూసుకున్నాను. ఎప్పుడో ఏదో ఒకటి ఎక్కడో మరచి ఉంటానని. నావి బాగానే ఉన్నాయి."

"అప్పుడు?"

"అప్పుడు నీ వంతు వచ్చింది. అది నీచేతే చూపిద్దామనుకున్నాను."

అతను అడగకూడదనుకుంటూనే అడిగాడు.

"బాబ్జీ గారి వంతో?"

ఎస్తేరు గారు తన లాప్‌టాప్ బల్ల మీంచి తీసుకుని చంకన పెట్టుకున్నారు.

"అంతదూరం వెళ్ళాల్సిన పని పడలేదు."